చప్పుడు చేయని పంఖా

పత్రికా సంఘం వారు ఈ యేడు నన్ను కూడా ఏదైనా వ్రాసి ఇమ్మని అడిగినప్పుడు, కవిత్వం చెప్పే శక్తి నాకు లేదు గనుక, నాకు తెలిసిన ఒక చిన్న వస్తువును గురించి వ్రాస్తానని మాట ఇచ్చాను. ఆ వస్తువు కంప్యూటరు పెట్టెలో తిరిగే ఫ్యాను. ఈ సంగతి విని మా తరగతి మిత్రుడొకడు పకపక నవ్వాడు. "కాలేజీ పత్రికలో ఫ్యాను మీద వ్యాసమా? అది దుకాణంవాడికి వదిలిపెట్టరాదా!" అన్నాడు. నిజమే. అరచేయి పట్టంత ఆ ప్లాస్టిక్ చక్రానికి సాహిత్యంలో చోటు ఏనాడూ దక్కలేదు. కాని దాని మూలంగా ఒక విద్యార్థికి ఒక పరీక్ష పోయిందని, ఆ తప్పులో సగం నాదేనని చెబితే, పాఠకులు నవ్వు ఆపి నా మాట వింటారని నమ్ముతున్నాను.

మా ఇల్లు నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్టకు దిగువన ఉంది. ఒక వైపు ఆ గుట్ట, మరొక వైపు కాపురాల గుట్ట, నడుమ ఊరు. వేసవిలో ఈ బండగుట్టలు పగలంతా ఎండను త్రాగి, రాత్రి చాలా పొద్దుపోయేదాకా ఆ వేడిని ఊరి మీదికే వదులుతాయి. రెండు పొయ్యిరాళ్ల నడుమ కూర్చున్నట్లు ఉంటుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో వందలాది ప్రాణాలను బలిగొన్నాయి. అప్పుడు ఎక్కువగా నష్టపోయిన జిల్లాలలో మాదీ ఒకటి. 2024 మే ఆరంభంలో కూడా మా జిల్లాలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటింది. ఇట్టి చోట మనిషికి గాలి ఎంత అవసరమో, పని చేసే యంత్రానికీ అంతే అవసరం.

నా కంప్యూటరు 2019లో హైదరాబాదు నుంచి తెచ్చుకొన్న పాత యంత్రం. పగటిపూట దాని మీద ఇన్‌పేజ్‌లో ఉర్దూ, అను అక్షరాలలో తెలుగు కొట్టి పెండ్లి పత్రికలు, దరఖాస్తులు, ట్యూషన్ మాస్టర్ల ప్రశ్నపత్రాలు తయారు చేస్తాను. నా చదువు ఖర్చు, ఇంటి ఖర్చులో కొంత దాని మీదనే వెళ్తాయి. రాత్రిళ్లు మాత్రం అది మరొకరి కోసం పని చేసేది.

ఆ మరొకరు మహబూబ్‌నగర్‌లో బి.ఏ. చదివే నా మిత్రుడు. నాకంటె రెండేండ్లు చిన్న. అంతర కళాశాలల వక్తృత్వ పోటీలో పరిచయమయ్యాడు. అతనికి మొదటి బహుమతి వచ్చింది. నాకు ప్రోత్సాహక బహుమతి అనే ఓదార్పు దక్కింది. చిన్నప్పుడే అతనికి చూపు పోయింది. అతని ఫోను అచ్చు పుస్తకాలను చదివి వినిపిస్తుంది గాని, మన తెలుగు వత్తుల దగ్గర, పాత అచ్చు దగ్గర తడబడుతుంది. చేతివ్రాత నోట్సు దగ్గరికి వస్తే మొత్తానికి మూగబోతుంది. అతని ద్వితీయ భాష ఉర్దూ. అది నస్తాలీఖ్ లిపిలో ఉంటుంది గనుక ఫోనుకు మరింత కష్టం. అందుచేత అతని సహాధ్యాయి ఒకరు పుటలకు ఫోటోలు తీసి నాకు పంపేవారు. నేను వాటిని తెర మీద తెరచి, మైకు ముందు చదివి, ఆ రికార్డు అతనికి పంపేవాణ్ణి. వారానికి నాలుగైదు గంటల చదువు. ఫోనులోనే చదవరాదా అని ఎవరైనా అడగవచ్చు. పుటలు చూడడానికి కంప్యూటరు వెలుగుతూ ఉండవలసిందే. అది వెలిగితే ఫ్యాను తిరగవలసిందే. ఏ పెట్టెలో రికార్డు చేసినా అదే గది, అదే చప్పుడు.

పగలు వీధి గోల. ఆటోలు, కూరగాయల బండ్లు, పొరుగింటి మిక్సీ. రాత్రి పదకొండు దాటాక ఊరు సద్దుమణుగుతుంది. అప్పుడే చదవడానికి కూర్చునేవాణ్ణి. అయితే లోకమంతా నిశ్శబ్దమైనప్పుడే పెట్టెలోని చప్పుడు పైకి తేలుతుంది. పగలు వినబడని ఫ్యాను రాత్రి బావి మోటారు వలె వినబడేది. నేను దానికి అలవాటు పడిపోయాను. అతడు పడలేదు.

2024 మార్చిలో ఒకనాడు ఫోను చేసి, ఎంతో మొహమాటపడుతూ అన్నాడు: "అన్నా, నీ గొంతు మంచిగనే ఉంది. గని దాని ఎనుక ఎవరో ఇసుర్రాయి తిప్పుతున్నట్టు ఉంది. గంట సేపు ఇంటే తలకాయ నొస్తుంది."

మన భాషలో గాలికీ తిరుగలికీ ఒకటే క్రియ. విసనకర్రనూ విసురుతారు, ఇసుర్రాయినీ విసురుతారు. అతని మాట విన్న తరువాత ఆ ఫ్యానులో నాకు గాలి వినబడలేదు, జొన్నలు నలిగే చప్పుడే వినబడింది.

ఇక్కడ నా తప్పులు వరుసగా చెప్పుకోవాలి. అంతకు కొన్ని నెలల ముందు, ప్రాసెసరు మీది పాత ఫ్యాను రెక్క విరిగితే, ఊళ్లోనే ఒక దుకాణంలో కొత్తది కొన్నాను. ఏడు రంగుల దీపాలు మెరిసే ఫ్యాను. ధర తక్కువ, తళుకు ఎక్కువ. డబ్బా మీద ఇన్ని డెసిబెళ్లని ఒక అంకె, ఇన్ని వేల గంటల ఆయుర్దాయమని మరొక అంకె అచ్చు వేసి ఉన్నాయి. అంకెలు ఉన్నాయి కదా అని తృప్తిపడ్డానే గాని, వాటిని ఏ గదిలో, ఎంత వేడిలో, ఎంత దూరం నుంచి కొలిచారని ఆలోచించలేదు. రెండవ తప్పు: బల్ల ఇరుకని కంప్యూటరు పెట్టెను పడుకోబెట్టి, దాని మీద మానిటరు నిలబెట్టాను. ఇది ఎంత పెద్ద తప్పో తరువాత తెలిసింది.

ఏప్రిల్‌లో చప్పుడు ముదిరింది. మా వీధి దర్జీ చాచా దగ్గరికి ఫ్యానును ఊడదీసి తీసుకుపోయాను. ఆయన నడుమనున్న కాగితపు బిళ్లను గోటితో లేపి, లోపలి ఇరుసు మీద కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, బిళ్లను మళ్లీ అంటించాడు. "కొబ్బరినూనె మాత్రం పోయకు బేటా, చిక్కబడి పట్టేస్తుంది" అని హెచ్చరించాడు. రెండు వారాలు ఫ్యాను పిల్లి వలె నడిచింది. తరువాత మళ్లీ ఇసుర్రాయే. ఇక లాభం లేదని, ఈ జిల్లాలలో కంప్యూటరున్న ప్రతి ఇంటా ఎప్పుడో ఒకప్పుడు జరిగే పని నేనూ చేశాను: పెట్టె ప్రక్క రేకు విప్పి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. యంత్రం చల్లబడింది. కాని ఇప్పుడు రికార్డులో రెండు ఇసుర్రాళ్లు. పైగా విప్పిన పెట్టెలోకి దుమ్ము, దోమలు, ఒకనాడు ఒక బల్లిపిల్ల.

మే నెలలో ఒక రాత్రి ఆధునిక భారత చరిత్ర పాఠం చదువుతున్నాను. పరీక్షకు పది రోజులు ఉంది. నలభై నిమిషాలు చదివాను, ఇంకొక పది నిమిషాలైతే పాఠం ముగుస్తుంది. ఫ్యాను కీచుమన్నది, ఒకసారి గిరగిర కొట్టుకొన్నది, ఆగింది. దీపాలు మాత్రం ఏడు రంగులలో వెలుగుతూనే ఉన్నాయి. కొద్దిసేపటికి తెర నల్లబడింది. ప్రాసెసరు తన వేడి సుమారు నూరు డిగ్రీలకు చేరేసరికి మొదట వేగం తగ్గించుకొంటుంది, అప్పటికీ తగ్గకపోతే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. యంత్రం బ్రతికింది. నేను మధ్యలో భద్రపరచని నలభై నిమిషాల చదువు పోయింది. ఆ రాత్రి గదిలో గాలి వేడే నలభైకి దగ్గరగా ఉన్నది. మళ్లీ ఫ్యాను తెప్పించి, బిగించి, యంత్రాన్ని నిలబెట్టుకొనేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ యేడు అతనికి చరిత్ర పేపరు పోయింది. పాలమూరు విశ్వవిద్యాలయం ఫలితాలు వచ్చిననాడు అతడే నాకు ఫోను చేసి, "ఫికర్ చేయకన్నా, మళ్ల రాస్త" అన్నాడు. ఆ ఓదార్పు నాకు తిట్టు కంటె ఎక్కువగా తగిలింది.

అప్పుడు మొదలైంది నా ఫ్యాను విద్య.

మొదట తెలుసుకొన్నది, ఫ్యాను దేనినీ చల్లబరచదని. అది వేడిని ఒక చోటి నుంచి మరొక చోటికి మోస్తుంది, అంతే. గదిలో 42 డిగ్రీలుంటే ఎంత గొప్ప ఫ్యానైనా యంత్రాన్ని 42 కంటె క్రిందికి తీసుకురాలేదు. నా యంత్రం ఖర్చు చేసే విద్యుత్తు నూరు వాట్లనుకొందాం. నిమిషానికి 30 ఘనపుటడుగుల గాలి ఆ పెట్టెలో నుంచి పారితే, బయటికి వచ్చే గాలి లోనికి వెళ్లిన గాలి కంటె ఆరేడు డిగ్రీలు వేడిగా ఉంటుంది. గాలిని రెట్టింపు చేసి 60 అడుగులు చేస్తే ఆ ఆరేడు మూడున్నరకు లోపు అవుతుంది. అంటే మనకు కలిసివచ్చింది మూడు డిగ్రీల చిల్లర. దానికి ఇచ్చే మూల్యం ఏమిటి? ఒకే ఫ్యాను వేగాన్ని రెట్టింపు చేస్తే చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు పెరుగుతుంది. పది డెసిబెళ్లు పెరిగితేనే మన చెవికి చప్పుడు రెట్టింపైనట్లు తోస్తుంది. మూడు డిగ్రీల కోసం అంత గోలను ఇంటికి తెచ్చుకోవడం వృథా. మనం పల్లెటూరి కొండల మీద ఉన్నామనేది కూడా లెక్కలోకి రావాలి: మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి తీరప్రాంతపు గాలి కంటె అయిదు శాతం పలుచన. అంత తేడాకు భయపడనక్కరలేదు గాని, డబ్బా మీది అంకెలను పూర్తిగా నమ్మరాదనడానికి అది ఇంకొక కారణం.

రెండవది, ఒక వేగమైన ఫ్యాను కంటె రెండు నిదానమైన ఫ్యాన్లు మేలు. నిమిషానికి 1200 చుట్లు తిరిగే ఫ్యానును 800 చుట్లకు దింపితే గాలి మూడవ వంతు తగ్గుతుంది. చప్పుడు మాత్రం దాదాపు 9 డెసిబెళ్లు తగ్గుతుంది. అట్టివే రెండు ప్రక్క ప్రక్కన పెడితే చప్పుడు మూడే డెసిబెళ్లు పెరుగుతుంది. మొదటి ఒంటి ఫ్యాను కంటె గాలి ఎక్కువ, చప్పుడు ఆరు డెసిబెళ్లు తక్కువ. ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు నాకు మా అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. కరెంటు పోయిన రాత్రులలో ఆమె తాటాకు విసనకర్రను నిదానంగా, పెద్ద పెద్ద ఊపులతో విసిరేది. మేము పిల్లలం అట్టముక్కతో టపటప కొట్టుకొనేవాళ్లం. నిద్ర పట్టింది అమ్మమ్మ గాలికే. వెడల్పు విషయంలోనూ అదే న్యాయం: 80 మిల్లీమీటర్ల ఫ్యాను ఇచ్చే గాలిని 120 మిల్లీమీటర్ల ఫ్యాను చాలా తక్కువ వేగంతో ఇస్తుంది.

మూడవదీ అన్నిటికంటె ముఖ్యమైనదీ ఇరుసు. ఫ్యాను బ్రతుకంతా ఇరుసులో ఉంది. చౌక ఫ్యాన్లలో సన్నని గొట్టంలో ఇరుసు తిరుగుతుంది, మధ్య కొంచెం నూనె. దీనిని స్లీవ్ బేరింగ్ అంటారు. కొత్తలో చాలా నెమ్మదిగా నడుస్తుంది. అందుకే దుకాణంలో విన్నవాడు మోసపోతాడు. వేడికి ఆ నూనె ఇంకిపోతుంది. ఫ్యాను నిలువుగా గోడకు ఉన్నట్లు ఉంటే కొంత కాలం ఓర్చుకొంటుంది. బోర్లా పడుకోబెడితే నూనె కారి, అరుగుదల త్వరపడుతుంది. పెట్టెను పడుకోబెట్టి నేను చేసిన నిర్వాకం ఇదే. రెండవ రకంలో ఉక్కు గుండ్లు ఉంటాయి. వేడికి లొంగదు, ఎట్లా పెట్టినా తిరుగుతుంది, కాని పుట్టుకతోనే కొంచెం గరగర ఉంటుంది. మూడవది ద్రవపు బేరింగ్. ఇరుసు మీద సన్నని గాళ్లు చెక్కి ఉంటాయి. తిరిగినప్పుడు నూనె ఆ గాళ్ల వెంట లోనికి లాగబడి, ఇరుసు లోహాన్ని తాకకుండా నూనె పొర మీద తేలుతుంది. మూతి మూసి ఉంటుంది గనుక నూనె తొందరగా పోదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో హార్డు డిస్కుల కీచుమనే చప్పుడు తగ్గడానికి కారణం కూడా ఈ విధమైన ఇరుసులే.

గుండ్ల బేరింగు గొప్పతనం నేను మిర్యాలగూడలో చూశాను. మా మేనమామ అక్కడ ఒక రైసు మిల్లులో లెక్కలు వ్రాస్తారు. మిల్లు ఆఫీసులో ఉన్న కంప్యూటరు మీద తవుడు, ఊక ధూళి ఎప్పుడూ వేలి మందాన ఉంటుంది. నేను ప్రక్క రేకు తీసి చూస్తే ప్రాసెసరు మీది లోహపు రేకుల మధ్య కంబళి పరచినట్లున్నది. అయినా ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎన్నేండ్లుగా అంటే మామయ్యకే జ్ఞాపకం లేదు. దాని గరగర ఎవరినీ బాధించదు. ప్రక్కనే మిల్లు ఆడుతున్నప్పుడు ఫ్యాను చప్పుడు ఎవరికి వినబడుతుంది? ఆ యంత్రానికి అదే సరైన ఫ్యాను. నాకు కాదు. మంచి ఫ్యాను ఏది అని ఎవరైనా అడిగితే, అది ఎక్కడ తిరుగుతుంది, దాని ప్రక్కన ఎవరు కూర్చుంటారు అని తిరిగి అడగడం అప్పటి నుంచి నాకు అలవాటైంది.

ఇక డబ్బా మీద వ్రాసే ఆయుర్దాయం. 50,000 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున పదిహేడేండ్లు. కాని అది మన చేతిలోని ఫ్యానుకు ఇచ్చిన వరం కాదు. ఎన్నో ఫ్యాన్లను పరీక్షించి తీసిన సగటు లెక్క. దాని ప్రక్కన ఉష్ణోగ్రత వ్రాసి ఉందా అని చూడాలి. 25 డిగ్రీల దగ్గర లెక్కించిన ఆయుర్దాయానికీ 40 డిగ్రీల దగ్గర లెక్కించినదానికీ చాలా దూరం. పది డిగ్రీల వేడి పెరిగితే ఆయువు సగమవుతుందనే మోటు సూత్రం ఇటువంటి వస్తువులకు చెబుతారు. నల్లగొండలో ఉండే వాడికి 25 డిగ్రీల లెక్కతో పని లేదు. అంకెల కంటె నమ్మదగినది వారంటీ: తయారుచేసినవాడు తన డబ్బును ఎన్నేండ్లు పణంగా పెడుతున్నాడో అది చెబుతుంది. ఆస్ట్రియా దేశపు నోక్టువా సంస్థ ఆరేండ్ల వారంటీ ఇస్తుంది. 2018లో వెలువడిన దాని 120 మిల్లీమీటర్ల ఫ్యానులో రెక్క కొసకూ చట్రానికీ మధ్య సందు అర మిల్లీమీటరు మాత్రమే. అంత సన్నని సందులో రెక్క సాగితే చట్రానికి రాసుకొంటుంది గనుక, వేడికీ వేగానికీ సాగని ప్రత్యేక ప్లాస్టిక్‌తో దానిని చేశారు. దాని ధర చూసి నమస్కారం పెట్టి పక్కకు తప్పుకొన్నాను. మా ఇంట్లో పై కప్పు ఫ్యాను కూడా అంత ఖరీదు చేయదు.

అసలు ఫ్యానే వద్దనుకొన్న వాళ్లూ లోకంలో ఉన్నారు. ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్‌కు ఫ్యాను చప్పుడు గిట్టేది కాదు. 1984లో వెలువడిన మొదటి మాకింతోష్‌లో ఫ్యాను లేదు. ఆయన ఒక్క మే నెల మా గుట్ట క్రింద గడిపి ఉంటే ఏమనేవారో! మా తాతగారి కాలంలో కచేరీలలో వేరే ఉపాయం ఉండేదట. దొరవారి నెత్తి మీద గుడ్డ పంఖా, దాని త్రాడు గోడ రంధ్రం గుండా వరండాలోకి, అక్కడ నేల మీద కూర్చొని లాగే నౌకరు. గాలి లోపల, లాగేవాడి ఆయాసం బయట. ఈ ఉపాయాన్ని నేనూ ఒకసారి ప్రయోగించాను. పొడవైన తీగలు తెచ్చి, పెట్టెను వరండాలో పెట్టి, తెర, మైకు లోపల పెట్టుకొన్నాను. చప్పుడు నిజంగానే పోయింది. రెండవ రోజు గాలివానకు పెట్టె తడవబోయింది. దానితో ఆ ప్రయోగం ముగిసింది.

2024 జూన్‌లో ఫ్యాను కొనడానికి హైదరాబాదు వెళ్తున్నానని చెబితే, మిత్రుడు తానూ వస్తానన్నాడు. "నీకు కండ్లున్నయి, నాకు చెవులున్నయి. ఇద్దరం కలిస్తే ఒక్క మంచి ఫ్యాను దొరకదా?" అన్నాడు. నేను నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా బస్సులో వెళ్లాను. అతడు మహబూబ్‌నగర్ నుంచి రైలులో కాచిగూడ దిగాడు. ఇద్దరం కలిసి సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయాము. కంప్యూటరు విడిభాగాల కోసం మన జిల్లాల వారు వెళ్లే చోటు అదే. అంతస్తులంతా దుకాణాలు, దుకాణాలంతా డబ్బాలు, నడవాలంతా జనం. ఆ గోలలో నెమ్మదైన ఫ్యానును వినడం సంతలో గుసగుస వినడం వంటిది.

మొదటి రెండు దుకాణాలలో మా కోరిక విని, "ఫ్యానుకు చప్పుడు ఉండక పాట ఉంటదా?" అన్నారు. మూడవ దుకాణంలో మధ్యవయస్కుడైన యజమాని మాత్రం ఒక సప్లయికి తీగలు తగిలించి ఫ్యాన్లు ఒక్కొక్కటే తిప్పి చూపించాడు. నాకేమీ తేడా తెలియలేదు. అన్నీ తిరిగాయి, అన్నీ గాలి కొట్టాయి. మిత్రుడు ఫ్యానును చేతిలోకి తీసుకొని, చట్రం అంచును చెవి వెనుక ఎముకకు ఆనించుకొన్నాడు. గాలిలో వచ్చే చప్పుడును బజారు మింగివేస్తుంది. ఎముకలో వచ్చే చప్పుడును మింగలేదు. ఒకదానిని విని, "ఇది నడుస్తలేదు, కుంటుతుంది" అన్నాడు. ఇంకొకదానిని విని, "ఇది ఒకటే రాగం తీస్తుంది, నాకొద్దు" అన్నాడు.

ఆ రాగం సంగతి తరువాత లెక్క వేసి చూశాను. ఏడు రెక్కల ఫ్యాను నిమిషానికి 1200 చుట్లు తిరిగితే, సెకనుకు ఇరవై చుట్లు, ఒక్కొక్క చుట్టుకు ఏడు రెక్కలు. సెకనుకు 140 సార్లు గాలి ఒకే చోట కొట్టుకొంటుంది. అది తంబురా శ్రుతి వలె ఒక స్వరం. మగవాడి మాట గొంతు కూడా దాదాపు ఆ మెట్టు మీదనే ఉంటుంది. నా గొంతుకు సరిగ్గా పోటీగా నిలిచే స్వరం అది! వాన చప్పుడు వలె పరచుకొని ఉండే గాలి హోరును చెవి కొంతసేపటికి మరచిపోతుంది. ఒకే స్వరాన్ని మరవదు. రెండు ఫ్యాన్లు ఒకే డెసిబెల్ అంకె చూపినా, ఒకటి హోరు కావచ్చు, ఒకటి రాగం కావచ్చు. డబ్బా మీద ఆ తేడా ఎవరూ వ్రాయరు.

చివరికి అతడు ఒక రకం ద్రవపు బేరింగు ఫ్యాను ఎంచాడు. 120 మిల్లీమీటర్లు, నాలుగు తీగలు, ఏ దీపాలూ లేవు, ఖరీదు వెయ్యి లోపు. రెండు కావాలన్నాము. రెండవ దానిని చెవికి ఆనించి తల అడ్డంగా ఊపాడు. "అదే కంపెనీ, అదే మాల్ తమ్మీ" అన్నాడు యజమాని, కొంచెం విసుగ్గా. "మాల్ ఒకటే గని నడక ఒకటి గాదు చాచా" అన్నాడు ఇతడు. యజమాని అప్పుడు లేచి తన నెత్తి మీది ఫ్యానును ఆపి, తానే ఆ ఫ్యానును చెవి దగ్గర పెట్టుకొన్నాడు. కొంతసేపు విని, మాట్లాడకుండా డబ్బాలో పెట్టి, వేరేది తీశాడు. ప్రాసెసరు మీద నిలువుగా నిలబడే లోహపు కూలరు ఒకటి, అదే వెడల్పు ఫ్యానుతో, అక్కడే తీసుకొన్నాము. నా మూడు నెలల పెండ్లి పత్రికల సంపాదన ఖర్చయింది. తిరుగు ప్రయాణంలో నాకు బెంగ లేకపోలేదు.

ఇంటికి వచ్చి చేసిన పని వివరంగా చెబుతాను. ఫ్యాను ఎంత మంచిదైనా బిగించడంలో పాడుచేయవచ్చు. పెట్టెను నిలబెట్టాను. ముందు వైపు లోనికి గాలి లాగే ఫ్యాను, వెనుక బయటికి తోసే ఫ్యాను. గోడకూ పెట్టెకూ జానెడు ఎడం. చట్రాన్ని ఇనుప మరలతో రేకుకు గట్టిగా బిగిస్తే ఫ్యాను వణుకు రేకుకు పాకి, రేకు తప్పెట వలె మోగుతుంది. అందుచేత రబ్బరు గుబ్బలతో తగిలించాను. ముందు ఫ్యానుకు జల్లెడ వంటి తెర వేశాను. లోనికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కంటె కొద్దిగా ఎక్కువ ఉండేట్లు ముందు ఫ్యానును కొంచెం వేగంగా ఉంచాను. అప్పుడు పెట్టె సందులలో నుంచి గాలి బయటికే పోతుంది గాని దుమ్ము లోనికి రాదు. మా జిల్లా పత్తి జిల్లా. ఏరే కాలంలో బండ్ల మీద నుంచి లేచిన దూది పోగులు గాలిలో తేలుతూ వచ్చి ఆ తెరకు పట్టుకొంటాయి. పదిహేను రోజులకొకసారి కుంచెతో దులుపుతాను. కొందరు గాలి మరతో ఊదుతారు. అప్పుడు రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకపోతే అది అదుపు తప్పిన వేగంతో తిరిగి ఇరుసు చెడుతుంది.

నాలుగు తీగల ఫ్యానులో రెండు తీగలు విద్యుత్తుకు, ఒకటి తన వేగం చెప్పడానికి, ఒకటి ఆజ్ఞ వినడానికి. ఆ ఆజ్ఞ సెకనుకు 25,000 సార్లు కొట్టుకొనే నాడి వంటిది. మనిషి చెవికి అందదు. యంత్రం తెరచుకొనేటప్పటి అమరికలలో, 65 డిగ్రీల దాకా ఫ్యాను ఒకే నిదానమైన వేగంతో తిరగాలని, ఆపైననే పెరగాలని నిర్ణయించాను. క్షణక్షణం పెరిగి తగ్గే చప్పుడు కంటె, కొంచెం ఎక్కువైనా నిలకడైన చప్పుడే సహించదగినది. ఇప్పుడు కూడా పనిలో ఉన్నప్పుడు ప్రతి కొన్ని నిమిషాలకు ఫైలు భద్రపరుస్తాను. ఆ అలవాటుకు ఖర్చు లేదు. మే నెలలో ఎందుకు లేదో చెప్పలేను.

జూలైలో మొదటి రికార్డు పంపాను, అదే ఆధునిక భారత చరిత్ర, ఆనాడు ఆగిన చోటి నుంచి గాక మొదటి నుంచి. మరునాడు ఫోను వచ్చింది. "ఇసుర్రాయి పోయింది. గని దూరంగ ఎక్కడనో ఒక తుమ్మెద ఉంది" అన్నాడు. పెట్టె దగ్గర చెవి పెట్టి చాలాసేపు వెదికాను. కరెంటు సప్లయి డబ్బాలో ఉన్న పాత ఫ్యాను అది. దానిని విప్పడం ప్రమాదం. తీగ పీకినా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది. డబ్బా మొత్తం మార్చాలి. దసరా దాకా ఆగి, డబ్బు కూడబెట్టి, పెద్ద ఫ్యాను ఉన్న సప్లయి తెచ్చాను. తుమ్మెద కూడా పోయింది.

2025 వేసవిలో కూడా ఆ యంత్రం ఒక్క రాత్రి ఆగలేదు. గదిలో 40 డిగ్రీలున్ననాడు ప్రాసెసరు 75 దగ్గర ఉండేది. ఫ్యాన్ల ఇరుసులు ఇప్పటికి గరగరలాడలేదు. మిత్రుడు ఆగిన చరిత్ర పేపరు వ్రాసి గట్టెక్కాడు; మంచి మార్కులే వచ్చాయి. అది ఫ్యాను గొప్పతనమని నేననడం లేదు, అతని చదువు అతనిది. మొన్న ఉర్దూ పాఠం ఒకటి పంపితే, విని ఫోను చేశాడు.

"అన్నా, అంత మంచిగనే ఉంది. గని పేజీ మార్చినప్పుడల్లా మౌసు టక్కుమంటుంది. జర మెల్లగ నొక్కరాదూ?"